నొప్పుల మందని చెప్పాం

మా అక్క మందు ఎవరు ఆపించారు అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా నోటికి ముందు వచ్చేది వాళ్ళ అత్తగారు. తరువాత మా బావ. చివరికి, అదీ ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, నేను. ఈ వరుస తలకిందులని నాకు తెలుసు. తెలిసి కూడా మార్చుకోలేకపోతున్నాను. రాస్తే మారుతుందేమోనని కూర్చున్నాను కానీ, రాస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాను.

నేను హైదరాబాదులో మందులు కనిపెట్టే ఒక కంపెనీలో కెమిస్టుని. ఆ పని జనం అనుకున్నంత గొప్పగా ఏమీ ఉండదు. తెల్లకోటు వేసుకుని, ఒక గాజుబుడ్డిలోది ఇంకో గాజుబుడ్డిలోకి మార్చుకుంటూ, చేసినదాంట్లో చాలా భాగం పారబోసుకుంటూ బతకడం. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఒకే పని మీద గడిచింది. డిప్రెషన్‌కి రెండు వైపుల నుంచి పనిచేసే మందు తయారు చేయడం. ఇప్పుడున్న మందుల్లో చాలావాటికి ఒక తంటా ఉంది. మింగడం మొదలుపెట్టిన రోజుకీ, మనసు తేలికపడిన రోజుకీ మధ్య వారాలు గడిచిపోతాయి. మందు మెదడులో సెరటోనిన్ అనే పదార్థాన్ని పెంచబోతుంది. మెదడేమో ‘ఇదేంటి, ఎక్కువైపోతోంది’ అనుకుని తనే బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు వదులయ్యేదాకా రోగి కాచుకుని కూర్చోవాలి. అలా కాకుండా, ఒకే అణువు ఒక చేత్తో సెరటోనిన్‌ని నిలబెడుతూ రెండో చేత్తో ఆ బ్రేకు పడకుండా పట్టుకుంటే ఎలా ఉంటుందని మా ప్రయత్నం. చెప్పడానికి రెండు ముక్కలు. చేయడానికి నా ముప్ఫైల వయసంతా పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. ఒక చెయ్యి కుదిరితే రెండోది కుదరదు. రెండూ కుదిరితే ఎలకల కాలేయం ఒప్పుకోదు. మళ్ళీ మొదటికొస్తాం.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. రాజోలు అవతల ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరు. మా తాత ఇంకొకరి చేలో కూలికి వెళ్ళిన మనిషి, మా నాన్న టీచరు, అక్క టీచరు. అక్క గొంతు బడి గోడ దాటి రోడ్డు మీద ఆటోవాళ్ళకి వినపడేది. తను ఎక్కాలు చెప్పిస్తుంటే పక్క తరగతి పిల్లలు కూడా అప్పజెప్పేసేవాళ్ళు. అలాంటి మనిషి కిందటేడు వానలు మొదలైనప్పటి నుంచి మెల్లమెల్లగా మాట తగ్గించేసింది. పొద్దున్నే బడికి వెళ్ళి, ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకునేది. ఆ తరువాత కుర్చీలో అలా కూర్చుండిపోయేది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. భుజాలు నొప్పి, నడుం నొప్పి, వేళ్ళ కణుపులు నొప్పి. ఊళ్ళో డాక్టరుగా చలామణీ అయ్యే ఆయన మూడు సెలైన్లు ఎక్కించాడు. థైరాయిడ్ చూశారు, షుగరు చూశారు, రక్తం తక్కువగా ఉందని టానిక్కు తాగించారు. అత్తగారు రోజూ పొద్దున్నే బొండాం కొట్టించి ఇచ్చేది. నేను హైదరాబాదు నుంచి ఫోనులో ఇవన్నీ విని, కాల్షియం వేసుకోమన్నాను. డిప్రెషన్ గురించిన కాగితాలు నా బల్ల మీద అడుగు ఎత్తున పేరుకుని ఉంటాయి. వాటి మీద మోచెయ్యి ఆన్చుకునే ఆ సలహా ఇచ్చాను.

ఒక ఆదివారం ఎందుకో అడిగాను. “ఏడుపొస్తోందా అక్కా?”

“ఏడుపు కూడా రావట్లేదే,” అంది.

అప్పుడు అర్థమైంది నాకు. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను.

అమలాపురంలో మానసిక వైద్యులు లేక కాదు. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు చూస్తారని బావ భయం. అందుకని ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ దాకా వెళ్ళాం. ఇంట్లో మాత్రం నరాల డాక్టరు దగ్గరికని చెప్పాం. ఆ డాక్టరుగారు అక్కతో చాలాసేపు విడిగా మాట్లాడి, తరువాత మమ్మల్ని లోపలికి పిలిచారు.

“డిప్రెషనండీ. బాగా ముదిరింది. ఈ క్యాప్సూలు రెండు రకాలుగా పనిచేస్తుంది. దిగులూ తగ్గుతుంది, దిగులుతో పాటు వచ్చిన ఒళ్ళునొప్పులూ తగ్గుతాయి. ముందు నొప్పులే తగ్గొచ్చు. అది చూసి బాగైపోయిందని మానేయకండి. మానాల్సొచ్చినప్పుడు నేనే కొంచెం కొంచెంగా తగ్గిస్తాను,” అన్నారు.

మేం ల్యాబులో చేస్తున్నది వేరే రకం. ఇది ఎప్పటినుంచో బజార్లో ఉన్న మందు. సెరటోనిన్‌తో పాటు, నొప్పి కబురు మెదడుకి చేరే దారిలో ఉండే ఇంకో పదార్థాన్ని కూడా పెంచుతుంది. నాకు దాని నిర్మాణం కళ్ళు మూసుకుని గీయడం వచ్చు. మా అక్క చేతిలో ఆ పెట్టె చూసినప్పుడు, సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు గర్వంగా కూడా అనిపించింది.

తిరుగు ప్రయాణంలో కారులో బావ అడిగాడు. “అమ్మకేం చెబుదాం?”

“నొప్పుల మందని చెప్పండి బావగారూ,” అన్నాను. “అబద్ధం కూడా కాదు. నిజంగానే నొప్పులకి కూడా ఇస్తారు దాన్ని.”

“ఆయ్, అది బాగుంది,” అన్నాడు. మా వైపు ‘అవునండీ’ అనడానికి ఆయ్ అంటారు. ఆయన ముఖంలో ఎంత నిశ్చింతో! అక్క కిటికీలోంచి గోదావరి చూస్తూ కూర్చుంది. నీకిది ఇష్టమేనా అని తనని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

మా ఇళ్ళల్లో జబ్బులకి కూడా పరువు ప్రతిష్ఠలుంటాయి. షుగరు పరువైన జబ్బు. గుండె ఆపరేషన్ అయితే చూడవచ్చినవాళ్ళకి చొక్కా గుండీలు విప్పి మరీ మచ్చ చూపిస్తారు. మోకాళ్ళ నొప్పుల గురించి పెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. మనసు బాగాలేదంటే మాత్రం ఒకటే మాట, ‘ఏం తక్కువైంది ఆవిడకి?’ గవర్నమెంటు ఉద్యోగం, డాబా ఇల్లు, కరెంటాఫీసులో పనిచేసే మంచి మొగుడు, ఏం తక్కువైంది! ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది. మనిషి మెదడులో ఏం తక్కువైందో తేల్చలేక మేం ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకుంటుంటే, వీళ్ళు డాబా వైపు ఒకసారి చూసి తేల్చేస్తారు. అయితే ఆ రోజు కారులో ఎవరూ ఆ మాట అనలేదు. అంటారేమోనని నేనే ముందుగా తలుపు గడియ పెట్టేశాను.

మందు పనిచేసింది. ఐదారు వారాలకి ముందు నొప్పులు తగ్గాయి, డాక్టరుగారు చెప్పినట్టే. ఆ తరువాత అక్క ఒక సాయంత్రం తనంతట తనే ఫోను చేసి, నేను ఎప్పుడో పట్టుకుపోయి తిరిగి ఇవ్వని చీర గురించి తిట్టింది. పదినిమిషాల పాటు ఆపకుండా తిట్టింది. నేను ల్యాబు బయట మెట్ల మీద కూర్చుని, ఫోను చెవికి ఆన్చుకుని, ఏడుస్తూ ఆ తిట్లన్నీ తిన్నాను. అంత మంచి తిట్లు నా జన్మలో తినలేదు.

అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పడానికి వీలు కూడా దొరికింది. నొప్పుల మందు కదా మరి, కోడలికి ఇంత బాగా పట్టిందని అత్తగారు ఎదురింటావిడ మోకాళ్ళకి ఆ పెట్టెలోంచి రెండు క్యాప్సూళ్ళు తీసి ఇచ్చింది. ఎదురింటావిడ రోజంతా వాంతులు చేసుకుంది. అక్క ఈ సంగతి ఫోనులో నవ్వుతూ చెప్పింది కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తగారికి ఫోను ఇమ్మన్నాను.

“అత్తయ్యగారూ, డాక్టరు రాసిన మందు ఊరందరికీ పంచిపెడతారా?”

“రెండు బిళ్ళలే కదమ్మా. పాపం కాళ్ళు పట్టేసి లేవలేకపోతందని ఇచ్చేను. నొప్పులకే కదా అని...”

నొప్పులకే కదా. ఆ మాట దగ్గర నేను నోరు తెరవాలి. ‘కాదండీ, అది దానికి కాదు’ అనాలి. అనకుండా, ఇంకెప్పుడూ ఎవరికీ ఇవ్వకండి అని కసిరి ఫోను పెట్టేశాను. పెద్దావిడని కసిరినందుకు ఆ రోజు కొంచెం బాధపడ్డాను కూడా. బాధపడాల్సిన విషయం అది కాదని తెలియలేదు.

వాళ్ళింట్లో శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళ ప్రార్థన కూటం జరుగుతుంది. పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు తనకి చేసిన మేలు గురించి లేచి నిలబడి నలుగురికీ చెప్పడమే సాక్ష్యం. నేను ఆ చాపల మీద పెరిగినదాన్నే, సాక్ష్యమంటే నాకు చిన్నచూపు లేదు. ఇంట్లో ఎవరూ వినిపించుకోని ఆడవాళ్ళు అక్కడ లేచి మాట్లాడటం, అందరూ చెవులప్పగించి వినడం చిన్నప్పటి నుంచి చూశాను. ఒక్కటే సంగతి, అందరి ముందు చెప్పిన సాక్ష్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. తీసుకుంటే దేవుడి మీద అబద్ధమాడినట్టు.

ఒక శుక్రవారం మా అక్క అత్తగారు లేచింది. అక్కే తరువాత నాకు ఆవిడ మాటలు పొల్లుపోకుండా చెప్పింది.

“మా కోడలు పిల్ల చెయ్యెత్తి జడేసుకోలేకపోయేదండీ. నేనే దువ్వేదాన్ని. ఇయ్యాల బడికెళ్ళి పాఠం చెప్తందండీ. ప్రభువు దాని ఒంట్లో ఒక్క నొప్పి లేకండా తీసేసేడు.”

స్తోత్రాలు, చప్పట్లు. ఒకావిడ వచ్చి అక్కని కావలించుకుంది. మర్నాడు పొద్దున్న టిఫిను తిన్నాక అక్క క్యాప్సూలు తీసుకోబోతే అత్తగారు చెయ్యి పట్టుకుంది.

“సాక్ష్యం చెప్పేసేను కదే. ఇంకా మింగుతా కూర్చుంటే నేను అబద్ధం చెప్పినట్టవదూ? నొప్పుల్లేవుగా ఇప్పుడు?”

నొప్పులు లేవు. ఆ మాట నిజం. కాదనాలంటే ముందు అక్క నా అబద్ధాన్ని విప్పాలి. అప్పుడప్పుడే కోలుకుంటున్న మనిషి, ఇంట్లో అందరం కలిసి మూసిన తలుపు తనొక్కతే ఎలా తీస్తుంది? పెట్టె ఇచ్చేసింది. బావ అక్కడే ఉన్నాడు. చూస్తూ ఊరుకున్నాడు. ఎలాగూ బాగానే ఉంది కదా అనుకున్నాడట! చదువుకున్న మనిషి, డాక్టరుగారి ఎదురుగా కూర్చుని తల ఊపిన మనిషి.

నాకెవరూ చెప్పలేదు. ఆ రోజుల్లోనే మా కంపెనీలో పెద్ద మీటింగు జరిగింది. డిప్రెషన్ రోగులు మందు మధ్యలో ఎందుకు మానేస్తారన్నది చర్చ. తెర మీద కారణాలు వరుసగా వేశారు. కడుపులో వికారం, నిద్రమత్తు, బరువు పెరగడం. కొత్త అణువులో ఇవేవీ లేకుండా చూసుకోవాలన్నారు. నేను తల ఊపుతూ నోటుబుక్కులో రాసుకున్నాను. చప్పట్ల వల్ల కూడా మానేస్తారని ఆ తెర మీద లేదు.

మానేసిన మూడో రోజు నుంచి అక్కకి కళ్ళు తిరగడం మొదలైంది. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఉండేదట. ఎండలని మజ్జిగ తాగించారు. నిద్ర పోయింది. నొప్పులు తిరిగి రాకముందే మళ్ళీ మాట పోయింది. మూడు వారాలు గడిచాక, ఒకరోజు బడి గంట కొట్టినా టీచరుగారు రాలేదు. పదకొండింటికి, తన దగ్గర ఒకప్పుడు చదువుకున్న ఆటో డ్రైవరు తీసుకొచ్చి ఇంటి దగ్గర దించాడు. కాలవ రేవులో ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉన్నారండి, ఎంత పిలిచినా పలకలేదండి అని చెప్పాడట. చెప్పులు పై మెట్టు మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయట. బావ ఫోనులో ఈ చెప్పుల మాట రెండుసార్లు చెప్పాడు. అప్పటికి గానీ ఆయన నాకు ఫోను చేయలేదు.

నేను వెళ్ళేసరికి అక్క గదిలో మంచం మీద ఉంది. వాళ్ళ సంఘం అయ్యగారు, అంటే పాస్టరుగారు, చూడటానికి వచ్చి వరండాలో కూర్చుని ఉన్నారు. నేను సంచీ కూడా దింపకుండా అత్తగారి మీద విరుచుకుపడ్డాను. ఎవరిని అడిగి ఆపించారన్నాను. మీరేమైనా డాక్టరా అన్నాను. మీ సాక్ష్యం కోసం మా అక్కని చంపుకుంటారా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. ఆవిడ ఏడవలేదు. నా వైపు అలాగే చూసింది.

“నొప్పుల మందని నువ్వే చెప్పేవు కదమ్మా. నొప్పులు పోయేయి. పోయేక మందెందుకనుకున్నాను. తప్పేటి?”

అయ్యగారు కల్పించుకున్నారు.

“నేను పొద్దున్నే బీపీ బిళ్ళ వేసుకునే ప్రసంగానికి లేస్తానమ్మా. సాక్ష్యం చెబితే మందు మానాలని ఎవరు చెప్పేరండీ మీకు? ఇంతకీ టీచరమ్మగారికి జబ్బేంటండి? నొప్పులేనా?”

ఆయన నా వైపు తిరిగి అడిగారు. ఎంతో మర్యాదగా అడిగారు. అంతసేపు అరిచినదాన్ని, కోపంతో ఊగిపోతున్నదాన్ని, మందుల కంపెనీలో డిప్రెషన్ మీద పనిచేసేదాన్ని, నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? “ఆయ్, నరాల నొప్పులండీ,” అన్నాను.

గదిలోంచి అక్క లేచి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. నన్నే చూస్తోంది.

“మీ ల్యాబులో ఎలకలకి కూడా ఇలాగే అబద్ధం చెప్పి మందు పెడతావేటే?”

తరువాత అయ్యగారి వైపు తిరిగింది. “నొప్పులు కాదండీ అయ్యగారూ. నాకు బతకాలని ఉండట్లేదండీ. ఆ క్యాప్సూలు దానికండీ.”

బావ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నేనింకా అత్తగారి నోటి నుంచి ‘ఏం తక్కువైందే నీకు’ అన్న మాట వస్తుందని కాచుకుని ఉన్నాను. వస్తే తిప్పికొట్టడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది.

“మా చెల్లి ఇలాగే పడుకునేది,” అంది. “గోడకి తిరిగి. బద్ధకమని మా అమ్మ కొట్టేది. నేనూ కొట్టేను. ఇరవై రెండేళ్ళకి పోయింది. ఎలాగ పోయిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు మేము.” తలెత్తి నన్ను చూసింది. “ముందే చెప్తే నేను ఆపుతానా అమ్మా? కాళ్ళట్టుకునైనా మింగించేదాన్ని కదా!”

ఆ ఊళ్ళో ఆ జబ్బు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి దగ్గర నేను దాన్ని దాచాను. అమాయకురాలని, అర్థం చేసుకోలేదని, అత్తగారు కాబట్టి అత్తగారిలాగే ఉంటుందని. నాకు ఆవిడ మీద వచ్చిన కోపమంతా ఎక్కడికి పోవాలో తెలియక నా మీదకే తిరిగింది. ఈ రోజుకీ తగ్గలేదు.

ఆ మర్నాడే మళ్ళీ కాకినాడ వెళ్ళాం. ఈసారి అత్తగారు కూడా వచ్చింది, కారులో అక్క పక్కన కూర్చుంది. డాక్టరుగారు అంతా విని, మందు తక్కువ మోతాదులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నారు. అక్కని ఒక్కర్తినీ వదలొద్దని, వారం వారం తీసుకురావాలని గట్టిగా చెప్పారు. “మొదటిసారి పట్టినంత తొందరగా పడుతుందని చెప్పలేనండి,” అన్నారు నన్ను చూసి. ఆ డాక్టరుగారికి నేనేం పని చేస్తానో తెలుసు.

మందుల చీటీ కోసం బయట హాల్లో కూర్చున్నాం. బెంచీ చివర ఒకావిడ చీర కొంగు ముఖం మీదకి లాక్కుని కూర్చుని ఉంది. అత్తగారు వంగి చూసింది. వాళ్ళ పక్క ఊరావిడే, పెళ్ళిళ్ళల్లో కలుస్తూ ఉంటారట. ఆవిడ మమ్మల్ని చూసి కంగారుగా లేచి నిలబడింది.

“కీళ్ళ నొప్పులకొచ్చేనండి. ఎవరో ఈ డాక్టరుగారు మంచివారన్నారండి,” అంది.

నేను తల దించి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాను. అందులో ఏమీ లేదు. ఆవిడ ఆ మాట అన్నందుకు నాకు హాయిగా కూడా అనిపించింది. మేమూ అదే చెప్పేసి ఊరుకోవచ్చు కదా అనుకున్నాను. అన్నీ జరిగాక, అన్నీ విన్నాక కూడా.

అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“మా కోడలికి నొప్పులు కాదండి. దిగులు జబ్బు. ప్రాణం మీదకొచ్చింది. నేనే తెలీక మందు ఆపించేసేను. మీకూ అదేనా అమ్మా?”

ఆవిడ కొంగు ఇంకా కిందికి లాక్కుంది. కౌంటరులో ఎవరి పేరో రెండుసార్లు పిలిచారు. అక్క లేచి వెళ్ళి ఆవిడకి రెండో పక్కన కూర్చుంది. అప్పుడు ఆవిడ కొంగు ముఖం మీద నుంచి తీసేసి, చాలా చిన్నగా, “ఆయ్,” అంది.